ఉపగ్రహ నిర్మాణంలో సిస్టమ్స్ ఇంజనీర్ ఉద్యోగం: తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడ, గుంటూరు పరిసరాల్లోని ఇంజనీరింగ్ కళాశాలల్లో ఈ ఉద్యోగం గురించి మాట్లాడినప్పుడల్లా విద్యార్థులూ, వారి తల్లిదండ్రులూ అడిగే ప్రశ్నల్లో మళ్లీ మళ్లీ వచ్చేవాటిని ఇక్కడ ఒకచోట చేర్చాను. రాకెట్ గురించి అడిగేవారే ఎక్కువ గానీ, ఈ పేజీ రాకెట్ మోసుకుపోయే ఉపగ్రహానికి సంబంధించినది.

ఉపగ్రహం తయారీలో సిస్టమ్స్ ఇంజనీర్ చేసే పని అసలు ఏమిటి?

ఉపగ్రహంలో విద్యుత్తు, ఉష్ణ నియంత్రణ, దిశా నియంత్రణ, సమాచార ప్రసారం, ఆన్‌బోర్డ్ కంప్యూటర్, నిర్మాణ చట్రం, ఇంధన వ్యవస్థ, పేలోడ్ (కెమెరా, రాడార్ వంటి అసలు పని చేసే పరికరం) అని అనేక విభాగాలు ఉంటాయి. ఒక్కో విభాగాన్ని ఒక్కో బృందం తయారుచేస్తుంది, ప్రతి బృందమూ తన పెట్టె (తన విభాగపు పరికరం) బాగా రావాలనే చూస్తుంది. చిక్కు ఏమిటంటే, ఒక పెట్టెకు మేలు చేసే నిర్ణయం పక్క పెట్టెకు కీడు చేయవచ్చు. కెమెరాను చల్లగా ఉంచడానికి దానిని ఎండ తగలని వైపు అమర్చమని ఒక బృందం అడుగుతుంది. అదే వైపున యాంటెన్నా ఉండాలని మరొక బృందం పట్టుబడుతుంది. రెండూ అక్కడే పెడితే బరువు ఒక పక్కకు ఒరిగిపోతుందని మూడో బృందం అభ్యంతరం చెబుతుంది. ఈ ముగ్గురి మధ్యా కూర్చుని, ఎవరు ఎంత వదులుకుంటే ఉపగ్రహం తన పని తాను చేయగలుగుతుందో లెక్క కట్టి, ఆ నిర్ణయాన్ని కాగితం మీద పెట్టి, చివరి వరకూ దానికి అందరూ కట్టుబడి ఉండేలా చూడడం సిస్టమ్స్ ఇంజనీర్ పని.

అన్ని విషయాలూ కొంచెం కొంచెం తెలిసినవాడే సిస్టమ్స్ ఇంజనీర్ అనే మాట తరచూ వినిపిస్తుంది. దానితో నేను ఏకీభవించను. ఏ బృందం ఏ బృందానికి ఏమి ఇవ్వాలో, ఎంత ఇవ్వాలో, ఏ తేదీకి ఇవ్వాలో రాసిపెట్టి, అది నిజంగా అందిందని రుజువు చూసే మనిషి కావాలి. ఆ మనిషి లేని ప్రాజెక్టులో ఎంత తెలివైన బృందాలున్నా ఉపగ్రహం ఒక వస్తువుగా రూపుకట్టదు.

సాఫ్ట్‌వేర్ కంపెనీలు క్యాంపస్‌లో ఇచ్చే సిస్టమ్స్ ఇంజనీర్ ఉద్యోగమూ ఇదీ ఒకటేనా?

కాదు. హోదా పేరు ఒకటే గానీ ఆఫర్ లెటర్‌లో ఉండే ఆ ఉద్యోగం సాధారణంగా ప్రోగ్రామింగ్‌కు సంబంధించినది.

బడ్జెట్ అంటే డబ్బు లెక్కేనా? ఉపగ్రహంలో దేనికి బడ్జెట్ వేస్తారు?

డబ్బుకూ వేస్తారు, కానీ సిస్టమ్స్ ఇంజనీర్ చేతిలో రోజూ నలిగేవి బరువు, విద్యుత్తు, డేటా, రేడియో లింకు, గురి ఖచ్చితత్వం మొదలైన బడ్జెట్లు. విద్యుత్తు లెక్కను కాస్త దగ్గరగా చూస్తే మిగిలినవి ఎలా ఉంటాయో ఊహించుకోవచ్చు.

భూమికి 500 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహం ఒక చుట్టును సుమారు 95 నిమిషాల్లో పూర్తి చేస్తుంది. చాలా కక్ష్యల్లో, అందులో 35 నిమిషాల వరకు అది భూమి నీడలో ఉంటుంది, మిగిలిన గంట ఎండలో ఉంటుంది. ఉపగ్రహానికి నిరంతరం 100 వాట్లు కావాలనుకుందాం. నీడలో ఉన్నంతసేపూ బ్యాటరీయే పోషించాలి కాబట్టి ప్రతి చుట్టుకూ సుమారు 58 వాట్-అవర్ల శక్తి దానినుంచి ఖర్చవుతుంది. అయితే బ్యాటరీని అడుగంటా వాడుకోవడానికి వీల్లేదు. రోజుకు 15 చుట్ల చొప్పున ఏడాదికి దాదాపు 5,500 సార్లు అది ఖాళీ అవుతూ నిండుతూ ఉంటుంది. ఎంత లోతుగా ఖాళీ చేస్తే అంత త్వరగా దాని సత్తువ తగ్గిపోతుంది. అందుకని సామర్థ్యంలో నాలుగో వంతు మాత్రమే వాడతామని నియమం పెట్టుకుంటే, 233 వాట్-అవర్ల బ్యాటరీ కావాలి. ఖర్చయిన శక్తిని ఎండలో ఉన్న గంటలోనే తిరిగి నింపాలి, నింపేటప్పుడు కొంత నష్టం ఉంటుంది, దానికి తోడు అప్పుడు కూడా 100 వాట్ల వాడకం నడుస్తూనే ఉంటుంది. నష్టాన్ని 15 శాతంగా తీసుకుంటే సౌర ఫలకాలు ఎండలో సుమారు 169 వాట్లు ఇవ్వాల్సి వస్తుంది.

ఇప్పుడు పేలోడ్ బృందం వచ్చి, మంచి చిత్రాల కోసం ఇంకో 20 వాట్లు నిరంతరం కావాలని అడిగిందనుకోండి. వినడానికి చిన్న కోరికే. కానీ పై లెక్కనే మళ్లీ వేస్తే ఫలకాలు సుమారు 202 వాట్లు ఇవ్వాలి, బ్యాటరీ 280 వాట్-అవర్లకు పెరగాలి. ఫలకం పెద్దదైతే దానిని మోసే కీలు బరువెక్కుతుంది, ఉపగ్రహాన్ని తిప్పే రియాక్షన్ వీల్‌కు పని పెరుగుతుంది, అదనపు 20 వాట్లు చివరికి వేడిగానే మిగులుతాయి కాబట్టి ఆ వేడిని బయటకు పంపే రేడియేటర్ విస్తీర్ణమూ పెరగాలి. అప్పుడు మొత్తం బరువు రాకెట్ ఒప్పుకున్న పరిమితిని దాటుతుందేమో చూసుకోవాలి. ఈ గొలుసు మొత్తం కళ్లముందు పెట్టుకోకుండా ‘సరే, ఇస్తాం’ అనే సిస్టమ్స్ ఇంజనీర్ తరువాత అందరికీ ‘లేదు’ అని చెప్పుకుంటూ తిరగాల్సి వస్తుంది.

అందుకే మొదట్లోనే మార్జిన్ పెట్టుకుంటారు. డిజైన్ తొలిదశలో ఉన్న పెట్టెకు ఎక్కువ శాతం, ఇదివరకే ఎగిరిన పెట్టెకు తక్కువ శాతం అదనంగా వేసుకుంటారు. ఆ మార్జిన్ మీద ప్రతి బృందానికీ కన్ను ఉంటుంది, దానిని ఎవరికి ఎప్పుడు ఇవ్వాలన్నది సాంకేతిక నిర్ణయం ఎంతో మనుషుల మధ్య బేరం కూడా అంతే.

అవసరాలు (రిక్వైర్‌మెంట్స్, అంటే ఏ పెట్టె ఏమి చేయాలన్నది) రాయడం అంటారు కదా, అందులో అంత కష్టమేముంది?

‘బ్యాటరీ తగినంత విద్యుత్తు అందించాలి’ అని రాయడం సులువు. ఎంత ఇస్తే తగినంత అవుతుంది, ఏ ఉష్ణోగ్రతలో, కొత్తగా ఉన్నప్పుడా, ఐదేళ్లు వాడిన తరువాతా అని అడిగితే ఆ వాక్యం దగ్గర జవాబు లేదు. ‘ఐదేళ్ల సేవ ముగిసేనాటికి, 0 నుంచి 30 డిగ్రీల సెల్సియస్ మధ్య, 35 నిమిషాల నీడలో 100 వాట్లను బస్ (ఉపగ్రహమంతటికీ కరెంటు పంచే ప్రధాన తీగ) వోల్టేజి నిర్ణీత హద్దు దాటి పడిపోకుండా బ్యాటరీ అందించాలి’ అని రాస్తే, దానిని పరీక్షించవచ్చు, తప్పిందో నెగ్గిందో చెప్పవచ్చు. ప్రతి అవసరం పక్కనా అది నెరవేరిందని ఎలా రుజువు చేస్తామో కూడా రాస్తారు: పరీక్ష ద్వారానా, విశ్లేషణ ద్వారానా, తనిఖీ ద్వారానా, చేసి చూపించడం ద్వారానా అని. ఆ గడి నింపలేని అవసరాన్ని మళ్లీ రాయాల్సిందే.

మన కళాశాలల్లో ప్రయోగశాల రికార్డును ముందు సంవత్సరం వారి దానిలోంచి దించడం అలవాటు. ఆ అలవాటు ఉన్నవారికి ఈ ఉద్యోగంలో మొదటి ఏడాది గట్టిగానే గడుస్తుంది, ఎందుకంటే పాత ఉపగ్రహం పత్రంలోంచి అర్థం చేసుకోకుండా దించిన వాక్యం కొత్త ఉపగ్రహంలో ఎక్కడ తంటా తెస్తుందో ముందుగా తెలియదు. 1996 జూన్ 4న తొలి ఏరియాన్-5 రాకెట్ విఫలం కావడానికి కారణం ఇటువంటిదే: ఏరియాన్-4 కోసం రాసిన దిశాసూచక సాఫ్ట్‌వేర్‌ను కొత్త రాకెట్‌లో వాడారు, కొత్త రాకెట్ వేగానికి ఒక సంఖ్య 16 బిట్లలో పట్టనంత పెద్దదై, ఆ కంప్యూటర్లు ఆగిపోయాయి. అందులో ఉన్న నాలుగు క్లస్టర్ ఉపగ్రహాలూ దానితోపాటే పోయాయి.

ఎక్కువ తప్పులు ఎక్కడ జరుగుతాయి?

పెట్టెల లోపలి కన్నా రెండు పెట్టెలు కలిసే చోట ఎక్కువ. దీనికి అందరూ చెప్పే ఉదాహరణ అమెరికా అంగారక నౌక మార్స్ క్లైమేట్ ఆర్బిటర్. ఒక బృందం సాఫ్ట్‌వేర్ థ్రస్టర్ల ప్రభావాన్ని పౌండ్-ఫోర్స్ సెకన్లలో లెక్కించి ఇచ్చింది, అందుకున్న బృందం వాటిని న్యూటన్ సెకన్లుగా తీసుకుంది. రెండింటికీ 4.45 రెట్ల తేడా ఉంది. 1999 సెప్టెంబరు 23న ఆ నౌక అంగారకుడికి అనుకున్నదానికన్నా చాలా దగ్గరగా వెళ్లి నష్టమైపోయింది. ఇక్కడ గమనించవలసిన విషయం ఏమిటంటే, న్యూటన్ సెకన్లే వాడాలని ఇంటర్‌ఫేస్ పత్రంలో (రెండు బృందాల మధ్య ఏది ఎలా అందాలో రాసుకునే ఒప్పందంలో) ముందే రాసి ఉంది. రాసినదానిని పాటించారా అని సరిచూసే పని సరిగా జరగలేదు.

రోజువారీ పనిలో ఇంత పెద్ద సంగతులు ఎదురుకావు, చిన్నవే వస్తాయి. ఒక కనెక్టర్‌లోని పిన్నుల అంకెలను ముందువైపు నుంచి చూసి గీశారా, తీగలు అతికే వెనకవైపు నుంచి చూసి గీశారా అన్నది బొమ్మ మీద రాయకపోతే, అవతలి బృందం దానిని అద్దంలో చూసినట్టు తిరగేసి తీగలు కలుపుతుంది. మొదటిసారి కరెంటు ఇవ్వడానికి ముందు, ప్రతి పిన్నుకూ మల్టీమీటర్ పెట్టి, ఇంటర్‌ఫేస్ పత్రం పక్కన ఉంచుకుని, ఒకరు చదువుతుంటే ఒకరు కొలుస్తూ టిక్కు పెట్టుకుంటూ పోయేది అందుకే. ఒక కనెక్టర్‌ను ఎన్నిసార్లు పెట్టి తీశారో కూడా పుస్తకంలో రాస్తారు, ఎందుకంటే దానికి ఒక పరిమితి ఉంటుంది; పరీక్షల్లో అసలు కనెక్టర్ అరగకుండా మధ్యలో సేవర్ అనే చిన్న ముక్కను తగిలిస్తారు. విసుగు పుట్టించే పనే, కాదనను.

ప్రతిదీ రెండేసి పెడితే ప్రమాదం ఉండదు కదా?

కొంతవరకే నిజం. మన దేశ నావిగేషన్ వ్యవస్థలోని తొలి ఉపగ్రహం ఐఆర్ఎన్ఎస్ఎస్-1ఏ 2013 జులై 1న శ్రీహరికోట నుంచి వెళ్లింది. అందులో విదేశాల నుంచి కొన్న రుబీడియం పరమాణు గడియారాలు మూడు ఉన్నాయి. ఒకటి చెడితే ఇంకొకటి ఉంటుందన్నదే ఆలోచన. కానీ మూడూ ఒకే రకం కావడంతో మూడూ పనిచేయకుండా పోయాయి. ఒకే రకం వస్తువును మూడు పెడితే, విడివిడిగా వచ్చే లోపాల నుంచి రక్షణ దొరుకుతుంది, ఆ రకానికే ఉన్న లోపం నుంచి దొరకదు. అదే వ్యవస్థ కోసం 2023 మే 29న ప్రయోగించిన ఎన్‌వీఎస్-01లో మన దేశంలో తయారైన రుబీడియం గడియారం కూడా ఉంది. అదనపు పెట్టె పెట్టే ముందు, రెండూ ఒకే తీగ మీద, ఒకే స్విచ్ మీద, ఒకే సాఫ్ట్‌వేర్ మీద ఆధారపడుతున్నాయా అని అడగడం సిస్టమ్స్ ఇంజనీర్ బాధ్యత.

పరీక్షలు ఎలా ఉంటాయి? థర్మోవ్యాక్ అంటే ఏమిటి?

రెంటచింతల ఎండలో నిలబడినా ఒంటికి ఎంతో కొంత గాలి తగులుతుంది. అంతరిక్షంలో ఆ గాలి కూడా ఉండదు కాబట్టి ఎండ పడే వైపు ఉడికిపోతుంది, నీడలో ఉన్న వైపు గడ్డకడుతుంది, లోపల పుట్టిన వేడి లోహం గుండా రేడియేటర్ ఫలకానికి చేరి అక్కడినుంచి కిరణాల రూపంలోనే బయటపడాలి. ఫ్యాను పెట్టి చల్లార్చే వీలు లేదు. ఈ స్థితిని నేల మీద సృష్టించి చూసేదే థర్మోవ్యాక్ పరీక్ష. పెద్ద గదిలో గాలిని తోడేసి, గోడలను ద్రవ నైట్రోజన్‌తో చల్లబరిచి, ఉపగ్రహాన్ని వేడి, చలి హద్దుల వద్ద గంటల తరబడి ఉంచి, ప్రతి పెట్టెనూ ఆన్ చేసి చూస్తారు. రాత్రింబవళ్లు షిఫ్టులుంటాయి. (ఉపగ్రహం ఫొటోల్లో మెరిసే పసుపు పచ్చని రేకు బంగారం అని చాలామంది నమ్ముతారు, అది సాధారణంగా అల్యూమినియం పూత పూసిన పాలిమైడ్ పొరల దుప్పటి.)

వైబ్రేషన్ పరీక్షలో రాకెట్ కుదుపులను పోలిన కుదుపులు ఇస్తారు. అసలు కుదుపుకు ముందూ తరువాతా ఉపగ్రహాన్ని మెల్లగా ఊపి, దాని సహజ పౌనఃపున్యాలను కొలిచి పోల్చుతారు. అవి మారాయంటే లోపల ఎక్కడో ఏదో వదులైందని అనుమానించాలి.

పరీక్షలూ విశ్లేషణలూ తేదీలను ఎలా మారుస్తాయో చెప్పడానికి నిసార్ ఉపగ్రహం మంచి ఉదాహరణ. నాసా, ఇస్రో కలిసి చేసిన ఈ రాడార్ ఉపగ్రహానికి 12 మీటర్ల వ్యాసం గల యాంటెన్నా రిఫ్లెక్టర్ ఉంది. కక్ష్యలో అది ఇంకా మడిచి ఉన్న స్థితిలో ముందు అనుకున్నదానికన్నా ఎక్కువ వేడెక్కవచ్చని పరీక్షలూ విశ్లేషణల్లో తేలింది. అప్పటికే బెంగళూరుకు చేరి ఉన్న ఆ భాగాన్ని 2024లో తిరిగి కాలిఫోర్నియాకు పంపి, వేడిని వెనక్కి కొట్టే టేపు అంటించి తెప్పించారు. 2025 జులై 30న శ్రీహరికోట నుంచి దానిని ప్రయోగించారు. ఆలస్యమైందని పత్రికలు రాశాయి. నా దృష్టిలో, సముద్రాలు దాటి వచ్చిన భాగాన్ని వెనక్కి పంపించగలగడం ఆ ప్రాజెక్టులోని సిస్టమ్స్ ఇంజనీరింగ్ ఎంత గట్టిదో చూపిస్తుంది.

ప్రయోగం అయిపోయాక ఈ ఉద్యోగం ముగిసినట్టేనా?

లేదు. మొదటి రోజుల్లో ఫలకాలు విచ్చుకోవడం, దిశ కుదురుకోవడం, పేలోడ్‌ను ఆన్ చేయడం వరకూ అదే బృందం కంట్రోల్ కేంద్రంలో కూర్చుంటుంది. టెలిమెట్రీలో (ఉపగ్రహం కిందికి పంపే కొలతల్లో) ఒక ఉష్ణోగ్రత రోజుకు అర డిగ్రీ చొప్పున పాకుతుంటే, అది సెన్సర్ లోపమా, నిజంగా వేడెక్కుతోందా అని తేల్చవలసింది వారే. 2018 మార్చి 29న వెళ్లిన ఇస్రో సమాచార ఉపగ్రహం జీశాట్-6ఏతో కొద్ది రోజులకే సంబంధాలు తెగిపోయాయి. అటువంటి సందర్భంలో పాత పరీక్షల రికార్డులన్నీ మళ్లీ తెరిచి, ఒక్కో అవకాశాన్నీ కొట్టివేస్తూ పోవాలి. పరీక్షలప్పుడు రికార్డు సరిగా రాసిన బృందానికే అది సాధ్యమవుతుంది.

ఏ బ్రాంచి తీసుకోవాలి?

ఈసీఈ, ఈఈఈ, మెకానికల్, ఏరోస్పేస్, సీఎస్ఈ, ఏదైనా పనికి వస్తుంది. నేరుగా సిస్టమ్స్ ఇంజనీర్‌గా చేరేవారు అరుదు. విద్యుత్తు, ఉష్ణం, నియంత్రణ వంటి ఒక విభాగంలో కొన్నేళ్లు లోతుగా పనిచేసి, ఆ తరువాత ఉపగ్రహం మొత్తాన్ని చూసే వైపు రావడమే మామూలు దారి. ఒక పెట్టెనైనా మొదటి నుంచి చివరి వరకూ చేయని మనిషి పది పెట్టెల మధ్య తగవు తీర్చలేడు.

ఇస్రోలో చేరాలంటే ఎలా?

సైంటిస్ట్/ఇంజనీర్ ‘ఎస్‌సీ’ హోదాకు (ఇది ఉద్యోగ శ్రేణి పేరు, రిజర్వేషన్ కాదు) ఇస్రో నియామక మండలి ఐసీఆర్‌బీ నోటిఫికేషన్లు ఇస్తుంది. బీఈ లేదా బీటెక్‌లో 65 శాతం మార్కులు గానీ, 10కి 6.84 సీజీపీఏ గానీ అడుగుతూ వచ్చారు. రాతపరీక్షతో తీసుకున్న నోటిఫికేషన్లూ, గేట్ స్కోరుతో తీసుకున్నవీ రెండూ ఉన్నాయి కాబట్టి ఆ సంవత్సరపు ప్రకటననే చదువుకోవాలి, కోచింగ్ సెంటర్ వారి కరపత్రాన్ని కాదు. వేతనం ఏడో వేతన సంఘం లెవెల్ 10లో, మూలవేతనం 56,100 రూపాయలతో మొదలవుతుంది. డీఏ, ఇంటి అద్దె భత్యం దానికి అదనం. ఇంటర్ తరువాతే ఈ దారి పట్టాలనుకునేవారికి తిరువనంతపురం సమీపంలోని అంతరిక్ష విద్యాసంస్థ ఐఐఎస్‌టీ ఉంది. అక్కడి బీటెక్ ప్రవేశాలు జేఈఈ అడ్వాన్స్‌డ్ ఆధారంగా జరుగుతాయి.

విజయవాడ, గుంటూరులోనే ఉండి ఈ ఉద్యోగం చేయవచ్చా?

ఇప్పటికి కష్టమే. ఇస్రో ఉపగ్రహాలను ప్రధానంగా రూపొందించేది బెంగళూరులోని యూఆర్ రావు ఉపగ్రహ కేంద్రం, పేలోడ్లకు అహ్మదాబాద్‌లోని స్పేస్ అప్లికేషన్స్ సెంటర్ ముఖ్యం. ప్రైవేటు రంగంలో మనకు దగ్గరిది హైదరాబాద్: అక్కడి ధ్రువ స్పేస్ తయారుచేసిన థైబోల్ట్ చిన్న ఉపగ్రహాలు రెండు 2022 నవంబరు 26న పీఎస్ఎల్‌వీ-సీ54లో వెళ్లాయి. చిన్న కంపెనీలో ఒకే మనిషి అవసరాలు రాయడం, పెట్టె పరీక్షించడం, ప్రయోగ కేంద్రానికి వెంట వెళ్లడం అన్నీ చేస్తాడు. పెద్ద సంస్థలో ఒకే పనిని లోతుగా నేర్చుకుంటాడు. మొదటి ఉద్యోగానికి రెండోదే మేలని నా అభిప్రాయం.

మా అమ్మాయి చేయగలదా? రాత్రి షిఫ్టులంటున్నారు.

చంద్రయాన్-2 ప్రాజెక్టు డైరెక్టర్ ముత్తయ్య వనిత, ఆదిత్య-ఎల్1 ప్రాజెక్టు డైరెక్టర్ నిగర్ షాజీ. రాత్రి షిఫ్టులు పరీక్షలప్పుడూ, ప్రయోగం తరువాతా ఉంటాయి, ఏడాది పొడవునా కాదు.

మాకు ఆటోనగర్‌లో మెషినింగ్ షాపు ఉంది. ఉపగ్రహ విడిభాగాలు చేయగలమా?

కోతలో నైపుణ్యం మీకు ఉండే ఉంటుంది, అడ్డు వచ్చేది కాగితం. మీరు కోసిన అల్యూమినియం బ్రాకెట్ ఏ బ్యాచ్ లోహంలోంచి వచ్చింది, దాని మెటీరియల్ సర్టిఫికెట్ ఏది, ఏ యంత్రం మీద ఎవరు కోశారు, ప్రతి కొలతా ఎంత వచ్చింది అన్నది సంవత్సరాల తరువాత అడిగినా చూపించగలగాలి. మిగిలిన ముక్కను ఇంకో ఆర్డరుకు కలిపేసే పద్ధతి ఇక్కడ చెల్లదు. ఏఎస్9100 నాణ్యతా ధ్రువీకరణ ఈ క్రమాన్నే అడుగుతుంది. మొదట హైదరాబాద్, బెంగళూరుల్లో ఇప్పటికే సరఫరా చేస్తున్న వారి దగ్గర ఉపకాంట్రాక్టు తీసుకుని ఆ రికార్డుల అలవాటు చేసుకోవడం నేరుగా టెండరు వేయడం కన్నా ఆచరణకు దగ్గర.

కళాశాలలో ఉండగానే చేయదగినది ఏదైనా ఉందా?

ఉంది, పెద్ద ఖర్చు లేనిదే. రష్యా వాతావరణ ఉపగ్రహాలు మెటియోర్-ఎం2-3, ఎం2-4లు 137 మెగాహెర్ట్జ్ పరిసరాల్లో చిత్రాలు ప్రసారం చేస్తుంటాయి. రెండు అల్యూమినియం కడ్డీలను 120 డిగ్రీల కోణంలో అమర్చిన వీ ఆకారపు యాంటెన్నా, ఒక ఎస్‌డీఆర్ డాంగిల్ (ల్యాప్‌టాప్‌కు తగిలించే చిన్న రేడియో రిసీవర్), ఒక ల్యాప్‌టాప్ ఉంటే గుంటూరు బ్రాడీపేటలో మేడ మీద నుంచైనా వాటిని అందుకోవచ్చు. పాత వీడియోల్లో అమెరికా వాతావరణ ఉపగ్రహాలు నోవాల గురించి చెబుతారు గానీ, ఆ పాత తరం నోవాల సేవలు 2025లో ముగిశాయి.

చిత్రం రావడంతో ఆపవద్దు. పని మొదలుపెట్టక ముందే, ఉపగ్రహం ఎన్ని నిమిషాలు కనిపిస్తుంది, సిగ్నల్ ఎంత బలంగా అందాలి, దగ్గరికి వస్తున్నప్పుడూ దూరమవుతున్నప్పుడూ పౌనఃపున్యం ఎంత జరుగుతుంది అని లెక్క వేసి రాసుకోండి. ఆ జరుగుడు ఇరువైపులా సుమారు 3 కిలోహెర్ట్జ్ వరకు వస్తుంది. యాంటెన్నా ఒకరు, రిసీవర్ ఒకరు, డీకోడింగ్ ఒకరు చేస్తుంటే, ముగ్గురి మధ్యా ఒక పేజీ ఇంటర్‌ఫేస్ పత్రం రాసి సంతకాలు పెట్టుకోండి. తరువాత వచ్చిన కొలతలను ముందు వేసిన లెక్క పక్కన పెట్టండి. రెండూ కలవని చోట కారణం ఏమిటో వెతికి రాసిన ఆ రెండు పేజీలు ఇంటర్వ్యూలో ఎక్కువసేపు మాట్లాడిస్తాయి. ఎందుకు కలవలేదని ఎదుటివారు తప్పక అడుగుతారు, సమాధానం మీ దగ్గర కొలతలతో సహా ఉంటుంది.